టీచరమ్మ ఇంటి చెక్క అరుగు

పంకజాక్షి పెట్టిన రాగిజావ గ్లాసులో మీగడ కట్టేసింది. సుబ్రమణ్యం దాన్ని ముట్టుకోలేదు. వాకిట్లో కోడలు కోమలి స్కూటర్ మీద పనిముట్ల సంచీ కట్టుకుంటోంది. రంపం, ఉలులు, మట్టం చూసే నీళ్ళ గొట్టం, అన్నం క్యారేజీ. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దున పూట ఇదే వరస.

సుబ్రమణ్యం వడ్రంగి మేస్త్రి. ఒకప్పుడు తలుపులు, మంచాలు చేసేవాడు. తిరుపతి పెరిగి పెరిగి కొండ మొదలు దాకా పోయాక ఆయన పని కూడా మారింది. అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి మంచాలు షాపుల్లో దొరుకుతాయి. వాళ్ళకి కావలసింది ఇంటి వెనక కొండను చూస్తూ కూర్చోడానికి ఒక చెక్క అరుగు, దాని మీద పందిరి, అడవిపందులు రాకుండా చుట్టూ కంచె. వాళ్ళు దాన్ని డెక్ అంటారు. సుబ్రమణ్యం అరుగనే అంటాడు. పేరేదైతేనేం, నేల ఏటవాలుగా జారిపోతున్న చోట చెక్కను సమంగా నిలబెట్టడమే అందులో పనితనం. ఆ పనితనంలో ఆయనకు మంచి పేరుంది. ఆ సంగతి ఆయనకు కూడా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

కోమలి పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. కాపురానికి వచ్చిన కొత్తలో మామకి కాగితం మీద బొమ్మలు గీసిచ్చింది. తర్వాత టేపు పట్టుకుంది. ఇంకొన్నాళ్ళకి రంపమే పట్టుకుంది. పంకజాక్షి ముక్కున వేలేసుకుంది గానీ, ఆ వేలు తీసేసి క్యారేజీ సర్దడానికి ఆమెకు నెల కూడా పట్టలేదు.

"ఆ సంచీ దించు కోమలీ."

కోమలి మొగుడు గిరి ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడుపుతాడు. నింపాదైన మనిషి. ఈ రోజు మాత్రం మొహం ముడుచుకుని ఉన్నాడు.

"ఎందుకు?" అంది కోమలి.

"ఎందుకా? నిన్న నువ్వే చెప్పినావు కదా, గుర్తు తప్పు పెట్టినానని. టీచరమ్మ ఇంట్లో మూడు టేకు గుంజలు కురచైపోయినాయి. నాయన వేలు పెట్టిన పని ఇంతవరకూ ఒక్కటన్నా తప్పినాదా? కోడలి మాట వింటే ఇట్లే అవుతుందని ఊరంతా అనుకోరా? ఇంగ సాలు. ఇంట్లో ఉండు."

"ఒక్క తప్పుకేనా?"

"ఒక్కటే కదా అని నేను ఘాట్‌లో స్టీరింగ్ తప్పు తిప్పితే ఊరుకుంటారా?"

కోమలి మామ వైపు ఒక్కసారి చూసింది. అడుగుతున్నట్టు కాదు, ఏమీ అనొద్దు అన్నట్టు. ఆయన గ్లాసు ఎత్తి చల్లటి జావ గడగడా తాగేశాడు.

"నువ్వన్నా చెప్పు నాయనా!" అన్నాడు గిరి.

"పొద్దు పోతా ఉండాది. నేను పోయొస్తా," అని సంచీలోంచి నీళ్ళ గొట్టం మాత్రం తీసుకుని బయల్దేరాడు సుబ్రమణ్యం.

అంతకంటే పిరికి మాట ఆయన జన్మలో అనలేదు. ఎందుకంటే ఆ గుంజల మీద గుర్తు పెట్టింది ఆయనే. కోసింది కూడా ఆయనే.

ఏడాదిగా కళ్ళు మసకబారుతున్నాయి. ముందు కుడికన్ను, తర్వాత ఎడమది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిముట్లు అటకెక్కిస్తారని భయం. తెల్లారితే ఎక్కడికీ పోనక్కరలేని మనిషిగా బతకడం ఆయన ఊహకు కూడా అందదు. నిన్న గుంజలు తక్కువైనట్టు తేలగానే, ఆయన నోరు తెరిచేలోగా కోమలి "తప్పు నాది మామా, నేనే సరిగ్గా చూసుకోలేదు" అనేసింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది.

* * *

ఎస్తేరు టీచరమ్మ ఇల్లు కొండ అంచునే ఉంటుంది. ఆమె రిటైరై రెండేళ్ళయింది. ఆదివారం ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళందరూ ఇంటి వెనక కొండగాలికి కూర్చోవాలని ఆమె కోరిక.

"కోమలి రాలేదా మేస్త్రీ?"

"ఇంట్లో పనుండాదమ్మా," అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా.

మళ్ళీ మట్టం చూసి, ఎంత తగ్గిందో తేల్చుకోవాలి. అయితే నీళ్ళ గొట్టంతో ఒక్కరి వల్ల పని కాదు. ఒక కొస వెనక గుమ్మం దగ్గర ఒకరు పట్టుకోవాలి, రెండో కొస పల్లంలో గుంజ దగ్గర ఇంకొకరు పట్టుకోవాలి. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆ ఎత్తున గుంజ మీద గీత పెట్టుకోవాలి. టీచరమ్మ చీర కొంగు దోపుకుని గుమ్మం దగ్గర తానే నిలబడింది.

"నా దగ్గర నీళ్ళు గీత మీదే ఉన్నాయి. మీ దగ్గర?"

సుబ్రమణ్యం గొట్టాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టి చూశాడు. తెల్లటి గొట్టంలో తేటనీళ్ళు. నీళ్ళెక్కడ ఆగాయో, గొట్టమెక్కడ మొదలైందో తెలిసి చావలేదు.

"ఆ... ఉండాయమ్మా. సరిగ్గానే ఉండాయి."

టీచరమ్మ గొట్టం కింద పెట్టి మెట్లు దిగి వచ్చింది.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినాను మేస్త్రీ. బోర్డు మీద అక్షరాలు కనపడకపోయినా కనపడినట్టు తలాడించేవాళ్ళు ప్రతి క్లాసులోనూ ఇద్దరుంటారు. వాళ్ళు తలాడించే తీరు నాకు బాగా తెలుసు."

సుబ్రమణ్యం గొట్టం కొసను చొక్కాకి తుడిచాడు.

"మీ కోడలికి కూడా తెలుసు. పని మొదలుపెట్టిన రోజే నన్నడిగి నీలిమందు తీసుకుంది. 'బట్టలకు వేసేది నీకెందుకమ్మా?' అన్నాను. 'గొట్టంలో కలిపితే మా మామకు నీళ్ళు కనపడతాయి. ఆయనతో అనొద్దండీ' అంది."

సుబ్రమణ్యానికి అప్పుడు గుర్తొచ్చింది. మొన్న పొద్దున గొట్టంలో నీళ్ళు నీలంగా కనిపించాయి. చదువుకున్న పిల్లయినా మురికినీళ్ళు నింపిందేమిటని విసుక్కుని, వాటిని చెట్టు మొదట్లో పారబోసి, కొళాయి కింద గొట్టం శుభ్రంగా కడిగి మరీ తేటనీళ్ళు పట్టాడు. ఆ తర్వాత కోసినవే ఈ మూడు గుంజలు.

కళ్ళకు దారి చూపించిన నీళ్ళను తన చేత్తోనే పారబోసుకున్నాడు. పైగా తప్పు ఆ పిల్ల నెత్తిన పెట్టి జావ తాగి వచ్చాడు.

ఆయన అక్కడే ఒక దూలం మీద కూర్చున్నాడు. టీచరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన తాగలేదు.

"పని రేపు చేస్తానమ్మా. ఈ రోజు ఇంటికి పోవాల," అని లేచాడు.

* * *

ఇంట్లో గిరి మొదటి ట్రిప్పు ముగించుకుని వచ్చి సంగటి ముద్ద ముందు కూర్చున్నాడు. పంకజాక్షి వడ్డిస్తోంది. కోమలి ఓ మూల చేటలో బియ్యం ఏరుతోంది. రాళ్ళకంటే బియ్యమే ఎక్కువ పారేస్తోంది పాపం.

"ఏమయ్యా, అప్పుడే వస్తివి? ఒళ్ళు బాగలేదా?" అంది పంకజాక్షి.

"గుంజలు కోసింది నేనే," అన్నాడు సుబ్రమణ్యం, చెప్పులైనా విప్పకుండా.

"ఏం గుంజలు?"

"ఆ మూడూ. గుర్తు పెట్టింది నేను, కోసింది నేను. ఆ పిల్ల తప్పు లేదు."

గిరి ముద్ద తుంచుతూ నవ్వాడు. "ఎనకేసుకు రావద్దు నాయనా. నీ చేతిలో తప్పెందుకు జరుగుతుంది?"

"కండ్లు కనపడవు రా నాకు!"

అంత గొంతు తనకుందని ఆయనకే తెలియదు.

"ఏడాదయింది. ఈడ నిలబడితే నీ మొహంలో ముక్కెక్కడుందో తెలీదు. చెప్తే మూల కూచోబెడతారని దాచినాను. ఈ పిల్ల కనిపెట్టింది. నాకు తెలీకుండా నీళ్ళలో నీలిమందు కలిపి పెట్టింది. దాన్ని కూడా నేనే పారబోసినాను. పొద్దున నువ్వు దీన్ని నిలబెట్టి అడిగినావే, అప్పుడు నేను గమ్మునుండినాను. గమ్మునుండి జావ తాగినాను రా!"

పంకజాక్షి గరిటె గిన్నెలో పడేసి లేచింది.

"కండ్లు కనపడకుండా రంపం పట్టినావా? వేళ్ళు తెగుంటే ఏం చేసుందువు? నాతో చెప్పడానికి నోరు రాలేదా నీకు? నలభై ఏండ్లు కాపురం చేసినానయ్యా నీతో!" అంటూ ఆమె తిట్టుకుంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

గిరి తినే చెయ్యి అలాగే ఉంచుకుని భార్య వైపు తిరిగాడు.

"నాతోనైనా చెప్పుండొచ్చు కదా?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఆ రోజే మామని మాన్పించేస్తావు," అంది కోమలి. మాట సూటిగానే వచ్చింది. "ఆయన మానేస్తే నాకు పని నేర్పేదెవరు? ఇంకా పందిరి జోడింపులు రానే లేదు నాకు. ఊరికే మంచిదాన్ని కాదులే నేను. నా స్వార్థం కూడా ఉండాది."

సుబ్రమణ్యానికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "సూసినావారా? అబద్ధం నా కోసం చెప్పింది, నిజం మాత్రం ఎట్లా చెప్తా ఉండాదో!" అని కోడలి వైపు చేతులు జోడించబోయాడు. ఆమె చేట పక్కన పడేసి, పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకుంది.

"తప్పు మామా, అట్లా చేయొద్దు."

"తప్పు నాదమ్మా. నీ పని పోతా ఉంటే నా పని నిలబెట్టుకున్నాను."

గిరి చెయ్యి కడుక్కుని వచ్చాడు. పొద్దున తాను దింపించిన సంచీని వెతికి తీసి, స్కూటర్ మీద పెట్టి తాడు బిగించి కట్టాడు. క్షమాపణ చెప్పడం చేతగాని మగవాళ్ళు చేయగలిగింది అదే. కోమలికి అది చాలు, ప్రస్తుతానికి.

* * *

మర్నాడు కోమలి కురచైన గుంజల కింద ఒక్కో దానికి సరిపోయే రాతి దిమ్మ పెట్టించింది. వాన నీళ్ళు తగలవు, చెదలు ఎక్కవు, ఎత్తు కూడా సరిపోయింది. "ముందే ఇట్లా చేసుండాల," అన్నాడు సుబ్రమణ్యం గొణుక్కుంటూ. ఆ వారమే ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత అరుగంతా కోమలి చేతి మీదే లేచింది. గిరి సెలవు రోజుల్లో దూలాలు మోశాడు. పలకల మధ్య గాలాడే సందులు, పందిరి జోడింపులు, అడవి వైపు కంచె, అన్నీ మామ ఇంట్లో మంచం మీద నుంచి నోటితో చెప్పాడు. ఆమె చేత్తో చేసింది.

పని పూర్తయిన ఆదివారం నలుగురూ కలిసి వెళ్ళారు. నల్లద్దాలు పెట్టుకున్న సుబ్రమణ్యం అరుగు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఎక్కడా చెక్క ఊగలేదు. ఎక్కడా కాలు తడబడలేదు. కొండ మీద చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఎస్తేరు టీచరమ్మ పళ్ళెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు, పైన కొత్త తువ్వాలు పెట్టుకుని వచ్చింది. పని ముగిసిన రోజు మేస్త్రికి తువ్వాలు కప్పడం ఆ వైపు మర్యాద. ఆమె నేరుగా సుబ్రమణ్యం దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆయన భుజం ముందుకు వంచాడు. అంతలోనే వెనక్కి తీసుకున్నాడు.

"నాకు కాదమ్మా. ఈ అరుగుకు మేస్త్రి ఆడ ఉండాది."

టీచరమ్మ కోమలి వైపు తిరిగింది. కోమలి కంగారుగా అత్త వెనక్కి జరిగింది.

"ఆడపిల్లకు తువ్వాలేంది మామా? ఎవరన్నా సూస్తే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. పని చేసినోళ్ళకి కప్పేదది. వంచు భుజం."

టీచరమ్మ కప్పింది. కోమలి ఆ తువ్వాలు కొసను గుప్పిట్లో పట్టుకుని మామ కాళ్ళకు దణ్ణం పెట్టింది. లేచేసరికి ఆయన నల్లద్దాల కింద నుంచి చెంపల మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, ఆ కంటికి నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పినాడు కదయ్యా!" అని పంకజాక్షి కొంగుతో తుడవబోయింది.

సుబ్రమణ్యం ఆమె చెయ్యి సున్నితంగా పక్కకు జరిపాడు.

"ఆయన చెప్పింది బయటి నీళ్ళ గురించిలేవే," అన్నాడు.