ఇరవైనాలుగు ఓమ్‌లు

ఉదయం 11:40. కేబుల్ సొరంగం కంట్రోల్ రూమ్.

టెక్నీషియన్ మాయమై ఐదు గంటలైంది. రాగి కేబుల్ చుట్టలు కూడా లేవు.

"దొంగిలించి పారిపోయాడు మేడమ్. సొరంగం తాళంచెవీ పట్టుకుపోయాడు," అన్నాడు సూపర్‌వైజర్.

"వాచ్‌మన్?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"సెలవులో ఉన్నాడు."

టెక్నీషియన్ భార్య ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుంది. "మా ఆయన దొంగ కాదమ్మా! లోపలే ఉన్నాడు. తలుపు పగలగొట్టించండి."

ఇనుప తలుపు. కట్టర్ రావడానికి రెండు గంటలు. లోపల నీళ్లు ఊరుతున్నాయి. పంపు పొద్దుటినుంచి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

గోడమీద మీటర్ ముల్లు 24 దగ్గర నిలిచి ఉంది.

"అదేంటి?"

"లోపల నాలుగు గేట్లు. ఆపదొస్తే నొక్కడానికి ఒక్కోదానికి ఒక బటన్, కరెంటుని అడ్డుకునే ఒక రెసిస్టర్. వరసగా ఇరవై, నలభై, అరవై, ఎనభై ఓమ్‌లు. నొక్కిన గేటు అంకె ఇక్కడ పడుతుంది. ఇరవైనాలుగు ఏ గేటుదీ కాదు. తేమకి మీటర్ పాడైంది," అన్నాడు సూపర్‌వైజర్.

"రెండు బటన్లు ఒకేసారి నొక్కితే?"

"నలభై, అరవై కలిస్తే వంద చూపించాలి కదా!"

ఇన్‌స్పెక్టర్ చివాలున తిరిగింది.

"రెండు బటన్లన్నాను. రెండో గేటు, మూడో గేటు అని నేననలేదే?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి ఉంటే వంద. ఇవి ప్యారలల్, పక్కపక్కన. కరెంటుకి రెండు దారులు దొరికితే అడ్డు తగ్గుతుంది. నలభైని అరవైతో గుణించి, వందతో భాగించు. ఇరవైనాలుగు! ఆ గేట్ల మధ్య దూరమెంత?"

"రెండొందల మీటర్లు."

"ఒక్కడి చేతులు అంత సాగవు. లోపల ఇద్దరున్నారు. వాచ్‌మన్ సెలవు ఇదేనా?"

ముల్లు కదిలింది. 24 నుంచి 40కి.

మూడో గేటు దగ్గర ఎవరిదో వేలు జారింది.

"మా ఆయన ఏ గేటు దగ్గరున్నాడమ్మా?"

మీటర్‌కి పేర్లు తెలియవు.

"తాళంచెవి తియ్యి!" ఇన్‌స్పెక్టర్ అతని కాలర్ పట్టుకుంది. కానిస్టేబుల్ జేబులు తడిమాడు. చొక్కా లోపలి జేబులో దొరికింది.

"కేబుల్ అమ్ముకుంటుంటే ఇద్దరూ చూశారు మేడమ్... చెరో గేటు వెనకా పెట్టి తాళమేశాను..."

12:05. రెండో గేటు దగ్గర నడుంలోతు నీళ్లు. ముసలి వాచ్‌మన్ బటన్ వదలకుండా నిలబడి ఉన్నాడు.

"నన్నొదిలెయ్యండి. వాణ్ణి చూడండి ముందు!"

మూడో గేటు దగ్గర గుండెలోతు. టెక్నీషియన్ బెల్టుతో తనను ఊచలకి కట్టేసుకున్నాడు. తల వాలిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అతని మెడమీద వేళ్లు పెట్టింది. ఏమీ తెలియలేదు. మళ్లీ పెట్టింది.

"నాడి కొట్టుకుంటోంది!"

పొద్దుటినుంచీ కంటతడి పెట్టని భార్య, వెనకే దిగొచ్చి, ఆ నీళ్లలోనే అతని తలని ఒడిసిపట్టుకుని, అప్పుడు బావురుమంది.