గుడ్డసంచుల చెట్టు

చీకటి పడితే ఆ తోటలో అద్దాల ఇంటి వైపు ఎవరూ తొంగి చూడరట. దీవిలో తప్ప మరెక్కడా మొలవని మొక్కల్ని బతికించుకునే తోట అది. అద్దాల ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క చెట్టు — ఆ జాతిలో ఆఖరిది.

పరాయి పుప్పొడి సోకకుండా మొగ్గమొగ్గకీ తెల్లటి గుడ్డసంచి కట్టేవారు. పువ్వు విచ్చాక కుంచెతో పుప్పొడి అద్ది, మళ్లీ కట్టేవారు. ఎన్నేళ్లు అద్దినా ఒక్క కాయా నిలవలేదు. రాత్రిపూట ఆ సంచులు వేలాడే తలల్లా ఉంటాయని ముందే చెప్పుకునేవారు. ఆ ఏడు మరీ ఘోరం... గాలి లేకుండానే ఊగుతున్నాయట!

తోటమాలికి దెయ్యం కంటే పై అధికారి అంటేనే భయం. సంచులకు గుండ్రటి చిల్లులు పడుతున్నాయి మరి.

"కత్తెర నీ చేతిలో, తాళంచెవి నీ మొలలో. పువ్వులు ఎవరికి అమ్ముతున్నావ్? చిల్లుపడ్డ సంచి ముట్టుకోకు. ఇంకొకటి పడిందా, పనిలోంచి తీసేస్తా!"

రెండో తాళంచెవి విత్తనాల గదిలో పనిచేసే మరదలి దగ్గరుంది. తోటమాలి అనుమానమంతా ఆమె మీదే. అందుకే ఆ రాత్రి కాపలాకి ఆమెనే తోడు పిలిచాడు.

"కాపలా చెట్టుకా, నాకా బావా?" గుసగుసగా అంది. "అక్కకి చెబుతా, ఉండు."

"నోర్ముయ్."

తలుపులు మూసే ఉన్నాయి. ఆకు కదలడం లేదు.

కర... కర...

నెత్తిమీద ఒక సంచి ఊగుతోంది!

"బావా... నా చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయ్, చూసుకో!"

టార్చి వేశాడు. గుడ్డలో సూదిమొనంత చిల్లు... గింజంత అయింది... లోపల్నుంచి రెండు మీసాలు! ఒళ్లంతా పుప్పొడి పూసుకున్న పెంకుపురుగొకటి బయటికొచ్చి, పక్క సంచిని కొరికి లోపలికి దూరింది.

మరదలు అన్నిటికంటే ముందు చిల్లుపడ్డ సంచి విప్పింది. లోపల పచ్చటి పిందె!

"కాయ నిలిచింది బావా! నీ కొలువూ నిలిచినట్టే!"

తోటమాలి నవ్వలేదు.

"ఈ పురుగు మొగ్గలోనే పెరుగుతుందా? చిన్నప్పుడు... తెల్లగా, మెత్తగా ఉంటుందా?"

"ఆఁ. ఈ ఏడు నేను సంచులు కట్టేటప్పుడు చూశా. అప్పుడు నీకు జ్వరం కదా, నాకేమో పురుగంటే అసహ్యం. ముట్టుకోకుండా కట్టేశా. ఏం?"

"ఏటా నేను మొగ్గ మొగ్గా వెతికి, ఒక్కటీ వదలకుండా ఏరి... కిరసనాయిలు డబ్బాలో వేసేవాణ్ని."

తన ముఖం ఆమెకు కనబడకుండా టార్చి ఆర్పేశాడు.