చేతులు పెట్టనా?

“మీ నాయనమ్మగారిని ఒక్క పూట కూడా ఒంటరిగా ఉంచం. మాటిస్తున్నాం.”

ఆసుపత్రి హెడ్ నర్సు నడుము దాకా వంగి అన్న మాట అది. ఆ వంగడంలో ఎంత వినయం! ఎవరినీ నమ్మని సోహే కూడా ఆ రోజు నమ్మేశాడు.

అకితా తీరంలో చిన్న రేవు ఊరు. సోహే నాయనమ్మ షిగెనో గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల ఉక్కు కడ్డీ వేశారు. ఎముక కుదురుకుంటోందన్నారు డాక్టర్లు. మనిషే కుదురుకోలేదు. రెండు చెంచాల గంజి తాగి చాలనేది. గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమెకు ఒకటే భయం. మొగుడు చేపల వేటకు వెళ్ళి నడిసముద్రంలో ఒంటరిగా పోయాడు. శవం కూడా దొరకలేదు. “పోయేటప్పుడు నా మీద ఎవరిదో ఒక చెయ్యి ఉండాలిరా,” అనేది మనవడితో. “అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.”

“నువ్వెక్కడికీ పోవు. వసంతం వచ్చేసరికి నడుస్తావు,” అని కసిరేవాడు సోహే. ఆమె వాదించేది కాదు. అదే అతనికి భయమేసేది.

నెమొతో అనే పక్కింటి పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం వార్డుకు వచ్చి రేకి చేసేది. నొప్పి ఉన్నచోట రెండు అరచేతులూ ఆనించి కదలకుండా కూర్చునేది. అంతే. అది చూస్తే సోహేకి ఒళ్ళు మండేది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో సంఘం పెట్టబోయి ఉద్యోగం ఊడగొట్టుకున్న కుర్రాడతను. వైద్యం హక్కు, దయ కాదు అని నిద్రలో లేపినా చెప్పేవాడు.

“పెద్దమ్మా, నర్సుల్ని సగానికి కోసేశారు. వాళ్ళు చెయ్యాల్సిన పని నీ అరచేతులకి అంటగట్టారు. ఇది జనాన్ని జోకొట్టే మందు.”

“జోకొడితే నిద్రన్నా పడుతుంది కదరా. నీ అరుపులకి ఉన్న నిద్ర కూడా పోతోంది.”

నాయనమ్మ కళ్ళు తెరవకుండానే అందుకుంది. “వాడి నినాదాలు వేసి కట్టు కట్టి చూడు నెమొతో, తుంటి అతుక్కుంటుందేమో.”

ముగ్గురూ నవ్వారు. నాయనమ్మ నవ్వగా అతను చూడటం అదే ఆఖరు.

మంచు ముదిరి పెద్దమ్మ గుమ్మం దాటలేని రోజులొచ్చాయి. ఆవిడ సోహేని కూర్చోబెట్టి నేర్పింది. “ముందు అడగాలి, చేతులు పెట్టనా అని. పెట్టమంటేనే పెట్టాలి. జబ్బు ఉన్నచోట నీ అరచేతులు జివ్వుమంటాయి. లాగినట్టుంటుంది. అది తగ్గేదాకా తియ్యకూడదు. తీశాక భుజం నుంచి తుంటి దాకా దులుపుకుని, చన్నీళ్ళతో చేతులు కడుక్కో.”

“దులుపుకోకపోతే?”

“దులుపుకోవాలన్నానా లేదా?”

జనవరి ఇరవై. మంచు తుఫానుకు బస్సు దారిలోనే ఆగిపోతే సోహే నడుచుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి చేరేసరికి ఐదు దాటింది, బయటంతా చీకటి. మెట్లెక్కుతుండగా కరెంటు పోయింది. జనరేటరు ఆపరేషన్ గదులకే ఇస్తారు. వార్డులో ఒక్క దీపం లేదు. నర్సు కూడా లేదు. మందుల వాసన, ఆరిపోయిన హీటరు వాసన. కిటికీకి మంచు కొట్టుకుంటున్న చప్పుడు... ఎవరో మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తున్నట్టు.

కిటికీ పక్కది నాయనమ్మ మంచం. చుట్టూ తెర లాగి ఉంది. అతను తెర ఇవతలే ఆగి, నిద్రపోతోందేమోనని గొంతు తగ్గించాడు.

“నాయనమ్మా... చేతులు పెట్టనా?”

లోపల్నుంచి ఊపిరిలా ఒక మాట.

“పెట్టు.”

తెర తప్పించుకుని లోపలికి వెళ్ళాడు. తల దాకా కప్పుకున్న బొంత. తడుముకుంటూ తుంటి ఉండేచోట రెండు అరచేతులూ ఆనించాడు. బొంత చల్లగా ఉంది. హీటరు లేదు కదా అనుకున్నాడు.

కాసేపటికి అరచేతులు జివ్వుమన్నాయి. ముందు వేళ్ళ చివర్లు. తర్వాత మణికట్లు. తర్వాత మోచేతుల దాకా లాగడం మొదలైంది. ఇంతకుముందెప్పుడూ ఇంత లేదు. జబ్బు బయటికొస్తోంది! అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ వెక్కిరించిన పని ఇప్పుడు పళ్ళ బిగువున చేశాడు.

“నొప్పిగా ఉందా?”

“ఇంకాసేపు...”

ఆ గొంతు వణకలేదు. నాయనమ్మది వణుకుతుంది.

అప్పుడు వాసన తెలిసింది. మందులది కాదు. ఉప్పు నీళ్ళు... తడిసి కుళ్ళిన వల తాళ్ళు. బొంత కింద ఏదో కదిలింది. మోకాళ్ళు ఉండాల్సినచోట కాదు. తియ్యకూడదు అనుకున్నాడు. తగ్గేదాకా తియ్యకూడదు... తగ్గడం లేదు. లాగుతోంది. భుజాలు వంగిపోతున్నాయి.

అతని చేతుల మీద చేతులు పడ్డాయి.

రెండు. తడిగా. నెమ్మదిగా నొక్కుతూ.

“ఇంకాసేపు...”

దీపాలు వెలిగాయి. సోహే కేక వేసి చేతులు లాగేసుకున్నాడు. దులుపుకోవడం కాదు కదా, ఊపిరి పీల్చడం కూడా గుర్తులేదు. మంచం మీద మడత నలగని బొంత. దాని కింద ఎవరూ లేరు.

టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చిన నర్సు తెర లాగింది. “బాబూ, ఇక్కడేం చేస్తున్నారు? పెద్దావిడని మధ్యాహ్నమే ఎక్స్‌రేకి కిందకి దింపాం. లిఫ్టు అప్పుడే చెడిపోయింది, పైకి తేలేకపోయాం... ఫ్లోరంతటికీ నేనొక్కదాన్నే బాబూ...”

ఆమె ఏడుస్తోంది. అతనికి అప్పుడే అర్థమైంది.

అడుగు అంతస్తు వరండాలో చక్రాల మంచం మీద, గోడవైపు నెట్టేసి ఉంది షిగెనో. పోయి చాలాసేపైందన్నారు. దుప్పటి బయటికి ఒక చెయ్యి చాపి ఉంది. అరచెయ్యి పైకి తెరిచి... ఎవరైనా అందులో చెయ్యి పెడతారని చూస్తున్నట్టు.

దహనం తర్వాత ఆచారం ప్రకారం చాప్‌స్టిక్స్‌తో ఎముకలు ఏరడానికి సోహే, పెద్దమ్మ ఇద్దరే నిలబడ్డారు. ఉక్కు కడ్డీ చెక్కుచెదరకుండా ఉంది. శ్మశానం ఉద్యోగి పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో ఎముకనూ పేరు చెప్పి చూపిస్తూ వచ్చాడు. “ఇవి పక్కటెముకలు. ఇది భుజం. ఇవి చేతు...” ఆగాడు. చేతులుండాల్సినచోట బూడిదను అటూ ఇటూ కదిపాడు. మళ్ళీ కదిపాడు. సోహే ముఖంలోకి చూడకుండా మెడ ఎముక దగ్గరికి వెళ్ళిపోయాడు.

బయట మంచులో సోహే రెండు చేతులూ చాపాడు. “పెద్దమ్మా, ఇవి ఇంకా లాగుతున్నాయి.”

ఆవిడ తన అరచేతులు దగ్గరికి తెచ్చింది. తాకకుండానే వెనక్కి తీసుకుంది.

“నువ్వు తీశావురా,” అంది. “అవతలివాళ్ళు తియ్యలేదు.”

“ఎవరు? తాతయ్యా?”

“తెలియని పేరు పలకకు! నలభై తొమ్మిదో రోజు దాకా పోయినవాళ్ళంతా దారిలోనే ఉంటారు. ఈలోగా అదెవరో తెలిస్తే పేరు పెట్టి సాగనంపొచ్చు. ఆ తర్వాత ఇక వదలరు.”

సోహే ఆసుపత్రికి ఉత్తరం రాశాడు. మర్యాద ఉట్టిపడే జవాబొచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నారట. ఆ సాయంత్రం ఆ మంచం మీద ఎవరూ లేరట. మనుషుల్ని లెక్కలోంచి తీసెయ్యడం వాళ్ళకి అలవాటే!

అతను మళ్ళీ రాశాడు. ఈసారి నినాదాలేమీ లేవు. మా నాయనమ్మ మీద ఉండాల్సిన నా చేతులు ఆ వేళ ఎవరి మీద ఉన్నాయి? ఆ మంచంలో ఆమెకు ముందు ఎవరు పోయారు? వాళ్ళ మీద ఎవరైనా చెయ్యి వేశారా?

కాగితం మడుస్తుంటే సంతకం కింద నాలుగు అరచేతుల తడి ముద్రలు కనిపించాయి. ఉప్పు వాసన. తన చేతులు చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

నలభై తొమ్మిదో రోజు ఏ తేదీకి పడుతుందో లెక్కేసి, తడి ఆరకముందే చివరి వాక్యం రాశాడు.

మార్చి తొమ్మిదిలోగా నాకు జవాబు కావాలి.