వెలీయిటీ అంటే ఊరగాయ కాదు

"నోరు తెరువు," అన్నాడు జగదీష్.

ఏజెంట్ మల్లికార్జున్ తెరిచాడు. తెల్లకోటు వేసుకున్నా జగదీష్ డెంటిస్ట్ కాదు. వాషింగ్టన్‌లో బోర్డు లేని ఒక డిపార్ట్‌మెంట్‌కి చీఫ్. అసలు డెంటిస్ట్ పక్కన సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"దవడ పన్నులో రిసీవర్ పెడుతున్నాం. నా మాట నీకు ఎముకలో వినిపిస్తుంది. నీ మాట నేను రేడియోలో వింటాను."

"టార్గెట్?"

"ప్రొఫెసర్ యజ్ఞనారాయణ. క్షిపణుల డిజైన్లు దొంగిలిస్తున్న విదేశీ ముఠా పేర్లన్నీ రేపు కోర్టులో చెప్తాడు. వర్జీనియాలో హెర్న్‌డన్ దగ్గర సేఫ్ హౌస్‌లో దాచాం. ఇంకో చోటికి మార్చే వ్యవధి లేదు, కానీ ముఠాకి ఆచూకీ తెలిసిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే!" జగదీష్ తల పట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నాలు 'మాటల గంట' అని తెలుగు రేడియో ప్రోగ్రామ్ వస్తుంది. అరుదైన ఇంగ్లీషు మాట ఒకటి కార్డు మీద చూపిస్తారు. వచ్చిన అతిథి దాన్ని పలికి, అర్థం తెలుగులో చెప్పాలి. ఆ మధ్య ఎవరో అతిశయోక్తి అనే అర్థమున్న మాటని 'హైపర్‌బోల్' అని పలికారట. కిటికీ దగ్గర కూడా నిలబడొద్దని ఆర్డర్ ఉన్న ప్రొఫెసర్ ఉండబట్టలేక స్టేషన్‌కి ఫోన్ కొట్టి, "నాయనా, అది హైపర్బలీ!" అని వర్జీనియా అంతా వినేలా సరిదిద్దాడు. ముఠా ఆ గొంతు గుర్తుపట్టి, స్టేషన్‌కి వచ్చిన ఆ నంబరు పట్టుకుని ఇల్లు కనిపెట్టింది.

"తెలుగు ప్రొఫెసర్‌ని ఎక్కడైనా దాచొచ్చు మల్లీ. తప్పు వింటే ఊరుకోబెట్టటం మాత్రం మన వల్ల కాదు. ఆ స్టేషన్‌లో ముఠా మనిషి ఎవరో ఉన్నారు. అతిథిగా వెళ్ళి పట్టుకో. ప్రోగ్రామ్ నడిపే రేణు మన మనిషే, సాయం చేస్తుంది. ప్రొఫెసర్‌కి కొత్త రేడియో కొనిచ్చింది కూడా ఆవిడే, పాపం."

సూది దిగింది. ఎడమ దవడ, సగం నాలుక మొద్దుబారాయి. మల్లికార్జున్‌కి పెద్ద తేడా తెలియలేదు. షామ్‌బర్గ్‌లో తన కాపలాలో ఉన్న కామేశ్వరి అనే సాక్షి తన కళ్ళ ముందే చనిపోయినప్పటి నుంచి అతను లోపలంతా ఇలాగే ఉన్నాడు. అంత్యక్రియల్లో కూడా కన్నీటిచుక్క రాలేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు, అంతే.

మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్ళింది రవికుమార్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్. దొంగమీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, బ్రౌన్ సూటు.

"ఇవాళ మంచు పడుతుందంటారా?" అంది రేణు. ఎర్ర సిల్కు చీర, జుట్టు మీదికి తోసిన నల్లకళ్ళద్దాలు. ఆమె వెనకాల సెంటు వాసన వరండా దాకా సాగింది.

"పడనివ్వండి, బూట్లున్నాయి." కోడ్ సరిపోయింది.

బల్ల మీద రెండు గంటలున్నాయి. మామూలు మాటలకి చిన్నది, ఆఖరి మాటకి మాత్రం పెద్దది. అద్దం అవతల ఇంజనీర్ శ్యామ్‌సుందర్ చెయ్యి ఊపాడు. ఎర్రలైటు వెలిగింది. ఆన్ ఎయిర్.

మొదటి మాట బోర్బోరిగ్మస్. "ఆకలేస్తే కడుపులో వచ్చే గుడగుడ," అన్నాడు మల్లికార్జున్. మొద్దుబారిన నాలుకతో ఆ మాట బయటికొచ్చిన తీరుకి అర్థం చెప్పే పనే లేకపోయింది. చిన్నగంట మోగింది.

రేణు రెండో కార్డు చూపించింది. డీఫెనెస్ట్రేషన్.

"మనిషిని కిటికీలోంచి బయటికి గిరాటెయ్యటం."

"భలే! అనుభవమా?"

"ఇన్సూరెన్స్‌లో అన్నీ చూస్తామండీ."

ఆఖరి కార్డు తిప్పింది రేణు. వెలీయిటీ. అతనికి ఆ మాట కొత్త కాదు. షామ్‌బర్గ్ తర్వాత డిపార్ట్‌మెంట్ డాక్టర్ అతని గురించి వాడిన మాటే అది. ఆ రోజే డిక్షనరీ తీసి చూసుకున్నాడు. కోరిక ఉంటుంది గానీ, చెయ్యి కదపటానికి కావలసిన బలం ఆ కోరికలో ఉండదు.

అప్పుడే పన్ను మాట్లాడింది. "మల్లీ, కదలకు. ఆ కొత్త రేడియో బిగించిన మెకానిక్ దొరికాడు, అంతా కక్కేశాడు. ప్రొఫెసర్ సెట్‌లో బాంబు ఉంది. రేణు డబుల్ ఏజెంట్. పెద్దగంట కింద బటన్ ఉంది, అది కొడితే అక్కడ పేలుతుంది. గార్డ్ వైర్‌లెస్ జామ్ చేశారు. ఆ ఇంటికి బయటి నుంచి ఫోన్ వెళ్ళదు, భద్రత కోసం మనమే అలా పెట్టించాం. మన కారు మంచులో ఇరుక్కుంది."

రేణు అరచెయ్యి అప్పటికే పెద్దగంట మీద ఉంది. దూకితే ముందే నొక్కేస్తుంది. భయం వేస్తుందేమోనని మల్లికార్జున్ తనలోకి చూసుకున్నాడు. వెయ్యలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ క్షణంలో ప్రొఫెసర్ ముందుగదిలో సెట్‌కి చెవి ఆనించి కూర్చుని ఉంటాడు. ఫోన్ వంటింట్లో ఉంది. ఆయన్ని కుర్చీలోంచి లేపగలిగేది ఈ లోకంలో ఒక్కటే.

"వెల్లె... యిట్టీ," అన్నాడు మల్లికార్జున్ గట్టిగా.

అద్దం అవతల శ్యామ్‌సుందర్ మొహం చిట్లించాడు.

"అర్థం?" అంది రేణు.

"వెల్లుల్లితో పెట్టే ఊరగాయండీ. ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర్నుంచే పట్టుకెళ్ళారు."

రేణు నవ్వింది. "తప్పండీ రవికుమార్ గారూ. ఇంక గంట కొట్టేస్తాను..."

"అయ్యో, ఎలా పెట్టాలో చెప్పనివ్వరా? అక్కయ్యలంతా వింటున్నారు!"

ఊరగాయ చెప్తున్నవాణ్ణి తెలుగు రేడియోలో మధ్యలో ఆపితే స్టేషన్ ముందు ధర్నా జరుగుతుంది. రేణు పళ్ళు బిగించి నవ్వింది. మల్లికార్జున్ వెల్లుల్లి రేకలు వొలిచాడు, తడి ఆరబెట్టాడు, కారం పోశాడు, ఆవపిండి కలిపాడు. చూపు మాత్రం ఫోన్ వస్తే వెలిగే గోడ మీది బల్బు మీదే ఉంది. అది వెలగలేదు. నూనె పోశాడు. వెలగలేదు. ఉప్పు మరిచిపోయానని మళ్ళీ మొదటికొచ్చాడు. లేవండి మాస్టారూ. దయచేసి లేవండి. చాలా కాలానికి అతని గుండెలో ఏదో గట్టిగా గుంజింది.

బల్బు వెలిగింది.

రేణు పెద్దగంట కొట్టేసింది.

అలవాటు కొద్దీ శ్యామ్‌సుందర్ అప్పటికే కాల్‌ని ఆన్ ఎయిర్ కలిపేశాడు. స్పీకర్‌లోంచి స్టూడియో దద్దరిల్లేలా పేలుడు వినిపించింది. తర్వాత చప్పుడు లేదు. మల్లికార్జున్‌కి కామేశ్వరి మొహం కనిపించింది. ఇంకోసారి తట్టుకోలేను అనుకున్నాడు.

స్పీకర్‌లో ఎవరో దగ్గారు.

"హలో! ఎవడయ్యా ఆ తెలివితక్కువవాడు? వెలీయిటీ ఊరగాయా? ఇక్కడ ముందుగదిలో ఏదో పేలింది, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఉచ్చారణ సరిచెయ్యండి!"

రేణు చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. మల్లికార్జున్ ఆ మణికట్టు పట్టుకుని, బుల్లి పిస్టల్ బల్ల మీద పెట్టించాడు. "పదండి రేణు గారూ. బయట మంచు పడుతోంది."

సాయంత్రానికి మత్తు దిగి దవడ సలపటం మొదలెట్టింది. క్లినిక్ కుర్చీలో కూర్చుని మల్లికార్జున్ కామేశ్వరి కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత నొప్పా అని డెంటిస్ట్ అడిగితే తల ఊపాడు. నొప్పి తెలుస్తున్నందుకు ప్రాణం తేలికపడింది.

తలుపు తోసుకుని, కోటు నిండా మసితో ప్రొఫెసర్ యజ్ఞనారాయణ వచ్చాడు. వెనకాల జగదీష్.

"ప్రాణం కాపాడావు నాయనా, రుణపడి ఉంటాను," అన్నాడు ప్రొఫెసర్ అతని భుజం మీద చెయ్యేసి. "కానీ వచ్చే ఆదివారం ఆ అర్థం తప్పని నువ్వే ఒప్పుకోవాలి."

"లేకపోతే, సార్?"

"మళ్ళీ ఫోన్ చేస్తాను."