ఎర్రబడ్డ మొహం, అత్తగారి చాడీలు

మూడు వారాలుగా ఆ ఇంట్లో కోడలి మొహం కోడలిది కాదు, ఊరుమ్మడి సొత్తు! రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా కందిపోయినట్టు ఎరుపు. చూసిన ప్రతివాళ్ళూ వైద్యులే! "ఆ కొత్త క్రీము నీకు పడలేదు వదినా, మానెయ్" అంది ఆడపడుచు. మానేసింది... తగ్గలేదు. "పొయ్యి సెగ" అన్నాడు మొగుడు పేపరులోంచి తల ఎత్తకుండానే. పోనీ, ఒక్కపూట తనొచ్చి పొయ్యి దగ్గర నిలబడతాడా అంటే, అబ్బే! "కోపం! లోపల కుతకుతా ఉడుకుతుంటే మొహాన పొంగదూ?" అని తేల్చేసింది అత్తగారు.

ఎవరితో చెప్పుకుంటుంది! దర్జీ దుకాణంలో గుండీలు కుట్టే ఆ వేళ్ళకు పొద్దున్నే సూది పట్టు చిక్కడం లేదు. ఒంట్లో బాగాలేదంటే, "పని పడ్డప్పుడే నీకు బాగుండదు!" అంటారు. ఎరుపు సంగతి దేవుడెరుగు... ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు తన మాట నమ్మితే చాలు!

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరితే, చెప్పులేసుకుని అత్తగారు ముందే తయారు! "నీకు చెప్పడం చాతకాదు, పద."

"దురద ఉందా?" అడిగింది డాక్టరమ్మ భూతద్దంలోంచి చూస్తూ.

"దురదా పాడా! లేదు."

"పొట్టు రాలడం? చీము పొక్కులు?"

"అవేం లేవు."

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారి జవాబులు! మొహం ఎవరిదట? పళ్ళు నూరుకుంది.

"ముక్కు పక్క మడతల్లో మాత్రం ఎరుపు లేదు..." అనుకుంటూ డాక్టరమ్మ భూతద్దం పక్కన పెట్టింది. "ఎండకి ఎక్కువవుతుందా? ఒంట్లో ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?"

అంతే, అత్తగారికి కట్ట తెగింది! "ఎండ పడదంటూ డాబా మీద బట్టలు ఆరేయడం మానేసిందమ్మా! పొద్దున్నే సీసా మూత తియ్యలేదట, వేళ్ళు బిగుసుకుపోయాయట! నాలుగు మెట్లెక్కి చతికిలబడుతుంది. స్నానాల గది నిండా దీని వెంట్రుకలే! నోట్లో పుండ్లని వంక పెట్టి అన్నం ముట్టదు..."

పరాయి మనిషి ముందు కూడానా! కోడలికి తల కొట్టేసినట్టయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. డాక్టరమ్మ మాత్రం ఆపమనకపోగా గబగబా రాసుకుంటోంది.

"ఇవన్నీ ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలలు! రోజూ మొత్తుకుంటూనే ఉన్నాను."

డాక్టరమ్మ కలం ఆపింది. "ఇది క్రీము వల్ల, సెగ వల్ల వచ్చినట్టు లేదమ్మా. మన ఒంట్లోని రక్షణ శక్తే మన మీద తిరగబడే జబ్బు ఒకటుంది, లూపస్ అంటారు. అదేమోనని నా అనుమానం. రక్తం, మూత్రం పరీక్షలు చేస్తేగానీ తేలదు. అదే అయితే మందులున్నాయి, భయపడకండి. కానీ మీరు చెప్పినవి బద్ధకాలు కావమ్మా... జబ్బు లక్షణాలు!"

"నాలుగు నెలలు... కళ్ళారా చూస్తూ తిట్టిపోశానే తల్లీ!" అంటూ అత్తగారు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కోడలికి ఒళ్ళూ మండింది, జాలీ వేసింది... ఏది ఎక్కువో తనకే తెలియలేదు.

"ఏడుపులు ఇంటికెళ్ళాక ఏడుద్దాం అత్తయ్యా!" అంది విసుగ్గా, తన కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా ఏమేం గుర్తున్నాయో అన్నీ చెప్పండి. ఆ ఇంట్లో నన్ను మీరు చూసినంతగా ఎవరు చూశారు గనక!"