టైరు మీద తెల్ల మరక

అన్నాల వేళకి నాన్న కారు ఇంటి ముందు ఆగింది. రోజూలా హారన్ మోగలేదు. సాయిప్రియ కంచం ముందు నుంచి లేచి బయటికి పరుగెత్తింది.

నాన్న డిక్కీ తెరిచి, పగిలిన టైరు దించి అరుగుకి ఆనించాడు. దాని పక్క మీద పొడుగ్గా ఒక కోత ఉంది. కోత చుట్టూ తెల్లటి మరక.

సాయిప్రియ నాన్న ఈశ్వరప్రసాద్‌కి కాస్త పొలం ఉంది. పొలం పని లేని రోజుల్లో కారు అద్దెకి తిప్పుతాడు. వాళ్ళది ఉంగుటూరు దగ్గర, కాలవ పక్కనున్న చిన్న ఊరు. ఆ ఆదివారం తెల్లవారుజామున మంచులోనే ఆయన ఒక కుటుంబాన్ని ద్వారకా తిరుమల తీసుకెళ్ళాడు. చంటిపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. భీమడోలు దాటాక టైరు పగిలింది. స్టెప్నీ మార్చి కొండకి చేరేసరికి వాళ్ళు పెట్టుకున్న ముహూర్తం దాటిపోయింది.

"ఆ కుటుంబం పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే బాధగా ఉంది," అన్నాడు నాన్న.

ఎలా పగిలిందని అమ్మ అడిగింది. బయల్దేరగానే ఊళ్ళో బడి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎదురుగా ట్రాక్టర్ వస్తే, దారి ఇవ్వడానికి ఎడమ పక్కకి తిప్పానని నాన్న చెప్పాడు. మంచులో ఏమీ కనిపించలేదు. చక్రం కింద గట్టిగా చప్పుడైంది. బ్రేకర్ అంచు ఈమధ్య పెచ్చులూడి పదునుగా తయారైంది. అదే కోసేసి ఉంటుంది, ఆ కోతే దారిలో పగిలి ఉంటుంది.

"రంగు కూడా అంటుకుంది చూడు," అన్నాడు మరక చూపించి. బ్రేకర్ మీద తెల్ల చారలు ఉన్న మాట నిజమే.

ఎదురింటి వెంకట్రాజుగారు వచ్చి టైరు చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఆ బ్రేకర్ వెయ్యమని పంచాయతీలో అడిగింది ఎవరండీ? మజీద్‌గారు. దాని పక్కనే టైర్ల కొట్టు ఎవరిదండీ? అదీ మజీద్‌గారిదే. నేనేమీ అనట్లేదండి బాబూ, ఊరికే అడుగుతున్నాను."

నాన్న అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఆ రెండూ అనకపోవడం సాయిప్రియ గమనించింది.

మజీద్‌గారి అమ్మాయి షాయిస్తా. ఐదో తరగతిలో సాయిప్రియ పక్కనే కూర్చుంటుంది. సోమవారం షాయిస్తా వచ్చి కూర్చోగానే, సాయిప్రియ తన సంచీ తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

ఇంటర్వెల్‌లో వెంకటసాయికీ, ఇంకో ఇద్దరికీ టైరు సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ, "టైర్లు పగలాలనే ఆ అంచు విరగ్గొట్టారంట," అంది. అలా అని ఎవరూ చెప్పలేదు. ఆ "అంట" సాయిప్రియే కలిపింది.

సాయంత్రం బడి వదిలాక ఆమె, వెంకటసాయి రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆటో వెనక దాక్కుని కొట్టు వైపు చూశారు. మళ్ళీ పల్చగా మంచు దిగుతోంది. మజీద్‌గారు బయటికి వచ్చారు. రోడ్డు అటూ ఇటూ చూశారు. బ్రేకర్ అవతల, రోడ్డు అంచున వంగి ఏదో చేశారు. లేచి మళ్ళీ అటూ ఇటూ చూశారు.

"మేకులు పరుస్తున్నాడే," అన్నాడు వెంకటసాయి గుసగుసగా.

సాయిప్రియకి మేకులేవీ కనిపించలేదు. అయినా తల ఊపింది.

మర్నాటికి ఎవరో షాయిస్తాకి "మేకుల షాయిస్తా" అని పేరు పెట్టారు. షాయిస్తా ఏడవలేదు. సంచీ తీసుకుని వెళ్ళి చివరి బెంచీలో ఒక్కత్తే కూర్చుంది. మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యలేదు. ఆ తర్వాత బడికే రావడం మానేసింది.

మాట పిల్లల దగ్గర ఆగలేదు. ఊళ్ళోవాళ్ళు పంక్చర్ పడితే బండి నెట్టుకుంటూ పక్క ఊరికి వెళ్ళడం మొదలుపెట్టారు. శుక్రవారం సాయంత్రం వెంకట్రాజుగారు, ఇంకొందరు సాయిప్రియ వాళ్ళ అరుగు మీద చేరారు. తెల్లారగానే గునపాలతో బ్రేకర్ తవ్వెయ్యాలి. ఆ కొట్టు ఉన్నది పంచాయతీ స్థలంలో కాబట్టి, దాన్ని తీయించమని సర్పంచ్‌గారిని అడగాలి. అదీ వాళ్ళ ఆలోచన. కొట్టు పోతే మజీద్‌గారు ఊరు వదలక తప్పదని ఎవరో అన్నారు.

లోపల మామ్మ దేవుడి దగ్గర దీపం పెడుతోంది. సాయిప్రియ పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. షాయిస్తా ఊరు వదిలి పోతుందన్న మాట చెవుల్లోనే ఉంది. అందుకే కాస్త గట్టిగానే మొక్కింది.

"స్వామీ, మేం అన్నదంతా నిజమే అయ్యేలా చూడు."

మామ్మ వత్తి సరిచేస్తూ ఆగింది.

"అలా మొక్కచ్చంటావా అమ్మలూ?"

"ఏం, మొక్కకూడదా మామ్మా?"

"ఏమో. నాకూ తెలీదు. నిజం ఏదో చూపించమని అయితే నేను చాలాసార్లు అడిగాను. ఇలా మాత్రం ఎప్పుడూ అడగలేదు."

సాయిప్రియ బయటికి వచ్చి అరుగు చివర టైరుకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి చూసుకుంటే నీలం గౌను మీద తెల్లగా అంటింది. దులిపితే పొడిలా రాలింది. టైరు మీద మరకని వేలితో రుద్దింది. అదీ పొడిలాగే వచ్చింది.

రంగు ఇలా రాలుతుందా?

ఎవరికీ చెప్పకుండా బడి దగ్గరికి పరుగెత్తింది. బ్రేకర్ మీద తెల్ల చారని అరచేత్తో రుద్దింది. చెయ్యి మండింది కానీ తెలుపు అంటలేదు.

"ఏమ్మా, ఏమైనా పడిపోయిందా?" కొట్టు ముందు నుంచి మజీద్‌గారు అడిగారు.

సాయిప్రియ ఉలిక్కిపడి లేచింది. అప్పుడే కొట్టు గోడ వారన ఉన్న రాళ్ళు చూసింది. ఒక్కొక్కటీ కొబ్బరికాయంత ఉంది. అన్నిటికీ సున్నం పూసి ఉంది.

"అవి ఎవరివండీ?" అని అడిగింది.

"ఎవరో రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టుకుని, అంచున పెట్టిన రాళ్ళు తియ్యడం మర్చిపోయారమ్మా. బళ్ళకి తగులుతాయని సోమవారం తీసి ఇక్కడ పెట్టాను. అడిగితే ఇచ్చేద్దామని."

ఆ రాళ్ళు సాయిప్రియవే. కోతలయ్యాక వాళ్ళ ధాన్యం ఆరబోసింది బ్రేకర్ అవతలే. చీకట్లో బళ్ళు ధాన్యం మీదికి రాకుండా చుట్టూ రాళ్ళు పేర్చి, కనబడేలా వాటికి సున్నం పూసింది కూడా ఆమే. పోయిన శనివారం ధాన్యం బస్తాలకెత్తాక, రాళ్ళు తీసెయ్యమని అమ్మ చెప్పింది. ఇంతలో వెంకటసాయి ఆటకి పిలిచాడు. కొన్ని తీసి, మిగతావి పొద్దున్నే తియ్యచ్చులే అనుకుంది. తెల్లవారేసరికే నాన్న కారు బయల్దేరింది.

ఒక రాయి మీద సున్నం గీరుకుపోయింది. అక్కడ నల్లగా రబ్బరు అంటుకుని ఉంది.

సాయిప్రియ ఆ రాయి ఎత్తుకుంది. మజీద్‌గారు లోపలికి వెళ్ళిపోయారు. రోడ్డు దాటితే కాలవ. రాయి అందులో వేస్తే మళ్ళీ ఎవరికీ దొరకదు. సాయిప్రియ గట్టు దాకా వెళ్ళింది కూడా. నీళ్ళు మెల్లగా పోతున్నాయి. చేతులు లాగుతున్నాయి.

అక్కడే చాలాసేపు నిలబడి, చివరికి ఇంటి వైపు తిరిగింది.

అరుగు మీద మాటలు ఇంకా సాగుతున్నాయి. ఆమె అందరి మధ్య నుంచి వెళ్ళి రాయిని టైరు పక్కన పెట్టింది.

"నాన్నా, బ్రేకర్ కాదు. ఇది. నేనే తియ్యలేదు."

నాన్న వంగి కోత మీద వేలు పెట్టాడు. వేలికంటిన సున్నం చూసుకున్నాడు. రాయి మీది నలుపు చూశాడు. కూతుర్ని తిట్టలేదు.

"నేను ఆ రోజే వేలు పెట్టి చూడాల్సింది," అన్నాడు.

వెంకట్రాజుగారు దూడకి నీళ్ళు పెట్టాలంటూ లేచారు.

నాన్న సాయిప్రియ చెయ్యి పట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళాడు. జరిగిందంతా చెప్పాడు. "చూడకుండా మాట్లాడాను మజీద్‌గారూ. ఇంకోళ్ళు మాట్లాడుతుంటే ఆపలేదు. నాదే తప్పండి," అన్నాడు.

మజీద్‌గారు కుర్చీ తుడిచి ముందుకు జరిపారు. కూర్చోమన్నారు.

"బేరం ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తుందండి. మా అమ్మాయి బడికి వెళ్ళనంటోంది ప్రసాద్‌గారూ. దానికేం చెయ్యమంటారు?"

లోపలి తలుపు దగ్గర షాయిస్తా నిలబడి ఉంది. సాయిప్రియని చూసి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఎవరూ బ్రేకర్ తవ్వలేదు. సాయిప్రియ మాత్రం పొద్దున్నే బయల్దేరింది. ముందు వెంకటసాయి ఇంటికి వెళ్ళి, అవి మేకులు కావని, తన రాళ్ళని, మజీద్‌గారు వాటిని తీశారని చెప్పింది. మిగతా ఇద్దరికీ చెప్పింది. వాళ్ళు ఎవరెవరికి చెప్పారో అడిగి ఆ ఇళ్ళకీ వెళ్ళింది. ఒక ఇంట్లో నవ్వారు. ఒక ఇంట్లో, "మనకెందుకులే, నిప్పు లేకుండానే వస్తుందా పొగ," అని తలుపు దగ్గరికి వేశారు. సాయిప్రియ తలుపు బయటే నిలబడి మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా.

తను చెప్పింది ముగ్గురికే. ఊరంతా తిరిగినా పూర్తయ్యేలా లేదు.

ఎండ ఎక్కింది. చెరువు వీధి మలుపులో షాయిస్తా ఎదురుగా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి?" అని అడిగింది.

"తెలీదు. ఎవరెవరు అన్నారో నాకు తెలీడం లేదు."

"నాకు తెలుసు," అంది షాయిస్తా.

సాయిప్రియకి ముఖం ఎత్తాలనిపించలేదు. అయినా ఎత్తింది.

"చూపిస్తావా?"

షాయిస్తా చెప్పుతో దుమ్ములో ఒక గీత గీసింది. తర్వాత ముందుకు నడిచి, నీలం గేటున్న ఇంటి ముందు ఆగింది.

"ఇక్కడ," అంది.

సాయిప్రియ వెళ్ళి గేటు తట్టింది.