ఆపరేషన్ అన్నయ్య

సైంటిస్టును కారు దిగుతుండగా కాల్చేశారు. గంట తిరక్కుండానే ఏజెంట్ చీఫ్ గదిలో ఉన్నాడు.

“ఆయన కనిపెట్టిన మందు రక్తనాళాల్ని సడలిస్తుంది,” అన్నాడు చీఫ్. “కొన్ని న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లను కత్తి ముట్టుకుంటే చాలు, హార్మోన్లు చిమ్మి బీపీ చుక్కలనంటుతుంది. దాన్ని దించేది ఈ మందే. రేపు మొదటి పేషెంటుకు వాడతారు. ఆమె టేబుల్ మీదే పోతే రీసెర్చ్ మూతపడుతుంది. విదేశీ ముఠా ఫార్ములాను కారుచౌకగా కొట్టేస్తుంది.”

“లోపల మనవాళ్ళు?”

“మత్తు డాక్టరమ్మ. కోడ్: ‘కిటికీ తెరవనా?’ ఇంకోటి, ఆ మందుకు వెలుతురు పడదు. సిరంజికి నల్ల కాగితం చుట్టే ఉంచుతారు.”

“నా కవర్?”

“పేషెంటుకు నా అన్నవాళ్ళు లేరు. నువ్వు ఆమె అన్నవి. ఆమె ఒప్పుకుంది.”

పేషెంటు బట్టలు కుట్టి బతికే మనిషి. ఆ సాయంత్రం ఆస్పత్రి మంచం మీంచి అతన్ని ఎగాదిగా చూసింది. “అన్నయ్యా, గుండీ ఊడేలా ఉంది. ఇంట్లో చూసేవాళ్ళు లేరా?”

“లేరు. జాగ్రత్తమ్మా, అది మైకు.”

“అయితే ఇంకా గట్టిగా కుట్టాలి,” అంటూ సూది తీసింది.

అతను తల తిప్పుకున్నాడు. ఎన్నో పేర్లతో బతికాడు. ఏ పేరుతోనూ ఎవరూ ‘తిన్నావా’ అని కూడా అడగలేదు.

మర్నాడు ‘అన్నయ్య’గా ప్రత్యేక అనుమతితో, చొక్కా మీదే థియేటర్ గౌను, మాస్కు తగిలించుకుని లోపల నిలబడ్డాడు. డాక్టరమ్మ కళ్ళతోనే నవ్వింది. ఆ కళ్ళు చూస్తే ఎవరైనా దారి తప్పాల్సిందే.

“కిటికీ తెరవనా?”

అతని మనసు కుదుటపడింది.

సర్జన్ ట్యూమర్ మీద చెయ్యి వేశాడు. మానిటర్ కూతపెట్టింది. “మందు! త్వరగా!”

డాక్టరమ్మ సిరంజి అందుకుంది. దానికి కాగితం లేదు. అతను ఆమె మణికట్టు పట్టేశాడు.

“నాతో వచ్చెయ్,” గుసగుసలాడింది. “నీకెవరున్నారు? నాకెవరున్నారు?”

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. పట్టు సడలింది. ఆమె సూది సెలైన్ ట్యూబులో గుచ్చబోయింది. అతను తేరుకుని సిరంజి లాగి నేలకేసి కొట్టాడు. గుండీ మైకులో అంతా విన్న బయటి గార్డులు తలుపు తోసుకొచ్చారు. నల్ల కాగితం చుట్టిన సిరంజి ఆమె జేబులో దొరికింది. ఆమె అసిస్టెంటు మందు ఎక్కించాడు. బీపీ అంకెలు మెల్లగా కిందికి దిగాయి.

పేషెంటు ఇంకా మత్తులోనే ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! కవర్ ఎత్తేశాం. ఇక నువ్వామెకు అన్నవి కాదు. మెలకువ రాగానే చెప్పేసి వచ్చెయ్.”

అతను కుర్చీని మంచం దగ్గరికి లాక్కున్నాడు.

“ముఠాల సంగతి నేను చూసుకుంటాను సర్. చెల్లెలికి ఆ మాట మాత్రం మీరే వచ్చి చెప్పుకోండి.”